పడవ అడిగిన బావమరిది

కిందటివారం టెకేరాను ఖాళీ పడవపాక ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. కాకపోతే నిలబడి లేడు, కూలబడ్డాడు. పడవ ఉండాల్సిన చోట ఇసుకలో మిగిలిన గాడిని కాలి బొటనవేలితో తడుముతున్నాడు.

జరిగింది తలుచుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఎండనక వాననక పలక పలకా చెక్కి, ఒక్క మేకు కొట్టకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టి, తన కోసం తాను కట్టుకున్న తెరచాప పడవ అది. భార్య మకురిటా పోయాక ఆయన మనసు పెట్టి చేసిన పని అదొక్కటే. తీరా రేపు నీళ్ళలోకి తోద్దామనగా బావమరిది ఇటాకా ఊడిపడ్డాడు. తీపికల్లు బుంగ ముందు పెట్టి, మొగలిచాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "బావా, బుబుసికి వచ్చా. ఆ పడవ నాకియ్యి" అన్నాడు.

బుబుసి అన్న మాట నోటి నుంచి వెలువడ్డాక ఈ దీవుల్లో కాదనేవాడు లేడు. చుట్టం వచ్చి అడిగాక ఇవ్వాల్సిందే. ఇవ్వడమే కాదు, ఇచ్చేటప్పుడు మొహాన చిన్న ముడత కూడా పడకూడదు. కాదంటే ఆ సిగ్గు మనవల దాకా వెంటాడుతుంది. అయితే అడిగేవాడికీ ఓ మర్యాద ఉంది. ఎదుటివాడి ప్రాణం దేనిమీద ఉందో దాన్ని మాత్రం అడగరు. ఇటాకా సరిగ్గా దాన్నే అడిగాడు. టెకేరా నవ్వుమొహంతో "తీసుకెళ్ళు" అన్నాడు.

ఊరు ముక్కున వేలేసుకుంది. ఎందుకంటే ఇటాకా అసలు సముద్రం మీదికి పోయే మనిషే కాదు. పడుచుతనంలో తమ్ముడితో వేటకెళ్ళి, పడవ బోల్తాపడి, ఒక్కడే ఈదుకుంటూ గట్టెక్కాడు. ఆనాటి నుంచి మోకాలి లోతు దాటడు. పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్టెక్కి కల్లు గీసుకోవడం, పైన కూర్చుని గొంతు చించుకుని పాడటం, ఇదే అతని బతుకు. కల్లు గీసేవాళ్ళందరూ చెట్టెక్కి పాడతారు గానీ ఇటాకా పాడితే పిట్టలు లేచిపోతాయని పేరు. అలాంటివాడికి పడవెందుకు? ఆశ తప్ప మరేముందని ఊరు తీర్మానించేసింది.

ఇక టెకేరా గుట్టు మీకు తెలుసు, ఊరికి తెలియదు. ఆయన చూపు పోతోంది. పోయిన వానల నుంచీ ఏది చూసినా నడిమధ్యలో పొగ కమ్మినట్టుంటోంది, అంచులు మాత్రం మసకగా ఆనుతున్నాయి. పడవ చేతుల గుర్తుతో కట్టాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ కాస్త వెలుగూ ఆరిపోయేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన చేత్తో కట్టిన పడవలో పగడపు గట్టు దాటి బయటి సముద్రంలోకి పోయి రావాలి. మిగిలిన కోరికలన్నీ మకురిటాతోనే పోయాయి. ఇప్పుడు ఆ ఒక్కటి కూడా బావమరిది పాకలో ఉంది.

"నాన్నా, ఇక్కడున్నావా? ఇల్లంతా వెతికాను."

కూతురు టెబోరా. ఊరి బడిలో పంతులమ్మ. బడి వదిలి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో ఉడికించిన సీమపనస ముక్కలూ, ఉప్పుచేపా ఉన్న పళ్ళెం.

"ఆకలి లేదమ్మా."

"నిన్నా అదే మాట. కోపం తిండి మీద దేనికి? తిను." పక్కనే ఇసుకలో చతికిలబడింది. ఆయన రెండు ముక్కలు తినేదాకా ఊరుకుని, "ఒకటడుగుతా, కోప్పడకూడదు" అంది.

"నువ్వు కూడా బుబుసేనా? నా దగ్గర ఈ లుంగీ తప్ప ఏం మిగల్లేదు తల్లీ."

"ఛ, ఉత్త ప్రశ్నే. మావయ్యకి పడవెందుకిచ్చావు?"

"అడిగాడు గనక."

"అడక్కపోతే ఇచ్చేవాడివా?"

"నీకేమన్నా పిచ్చా? ఎందుకిస్తాను!"

"అంటే ప్రేమతో ఇవ్వలేదు."

టెకేరా నములుతున్నవాడల్లా ఆగాడు. "ఇచ్చానా లేదా? అది చూడు."

"ఇచ్చావులే. మర్నాడు మనియాబాలో పెద్దలంతా కూర్చుని, మనిషంటే టెకేరాలా ఉండాలి అన్నారటగా. ఆ రాత్రి నువ్వు లోపల ఏడుస్తూనే ఒక ముద్ద ఎక్కువ తిన్నావు నాన్నా. నేను చూశాను."

"ఓసి గడుగ్గాయీ!" అన్నాడాయన. కసురుదామనుకున్నాడు గానీ నవ్వొచ్చింది. నిజమే మరి. ఊరి సభాశాలలో అంత మంది ముందు తన పేరు వినిపించినప్పుడు ఒళ్ళు పులకరించింది. కడుపులో మంట అలాగే ఉంది, దాని పక్కనే ఆ గొప్ప కూడా చేరి కూర్చుంది. రెండూ ఒకే కడుపులో ఎలా ఇమిడాయో ఆయనకే తెలియదు.

"నిన్ను తప్పుపట్టడం లేదు" అంది టెబోరా, గొంతు తగ్గించి. "నాకు తెలియకే అడుగుతున్నా. లోపల మండిపోతూ, ఊరు ఏమంటుందోనని ఇస్తే, అది మంచితనమేనంటావా?"

"చేమదుంప ఏడుస్తూ ఇచ్చినా నవ్వుతూ ఇచ్చినా తిన్నవాడి కడుపు నిండుతుందే."

"తిన్నవాడి సంగతి సరే. నేనడిగేది ఇచ్చినవాడి కడుపు సంగతి."

కూతురి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "నిన్ను బడికి పంపింది పిల్లలకి చదువు చెప్తావని. కన్నతండ్రిని నిలదీస్తావని కాదు."

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇంకోటి కూడా చెప్పాలి. మావయ్య ఆ పడవని ఇంకా నీళ్ళు తాకనివ్వలేదు. ఒడ్డు మీద పాకలో పెట్టి ఆకులు కప్పేశాడు. అలా ఎండిపోతే తాళ్ళు వదులైపోతాయని నాకు భయంగా ఉంది."

టెకేరా గబుక్కున లేచాడు. పళ్ళెం ఇసుకలో బోర్లాపడింది.

పడవ ఇచ్చేశాడు, అది వేరు. కట్టిన పడవని ఎండబెట్టి చంపడం వేరు. "వాడు తోలడు, నన్ను తోలనివ్వడు! వాడి సంగతి ఇవాళ తేల్చేస్తా."

"నేనూ వస్తా."

"వద్దు. నువ్వుంటే వాడు వెకిలి వేషాలేసి తప్పించుకుంటాడు. మేమిద్దరం మాట్లాడుకోవాలి. నువ్వు కాస్త ఆగి రా."

దారి ఆయన కాళ్ళకు తెలుసు. ఇసుక ఉన్నంతసేపూ ఊరి బాట, గులకరాళ్ళు తగిలితే ఇటాకా వాకిలి. ఎడమవైపు, పగడపు గట్టు లోపలి కయ్య నీళ్ళు పోటు మీద ఉన్నాయి, అలలు ఒడ్డును నాకుతున్న చప్పుడు దగ్గరగా వినిపిస్తోంది. అంతలో నెత్తి మీద నుంచి గొంతొకటి విరుచుకుపడింది.

*మా బావ పడవ బంగారం,*
*మా బావ వేట బండారం,*
*సంద్రం మొత్తం గాలించి*
*తెచ్చిందొక్క పీత!*

ఎప్పుడో పెళ్ళైన కొత్తలో టెకేరా వట్టి పీతతో ఇంటికొచ్చిన రోజున ఇటాకా కట్టిన పాట. ఇన్నేళ్ళైనా దాన్ని వదల్లేదు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా వచ్చు.

"ఒరే ఇటాకా! దిగిరా కిందికి!"

"బావా? ఆగాగు, కత్తి పెట్టా, గెల కోతకొచ్చింది!"

"గెల సంగతి తర్వాత. ముందు నీ గొంతు కోస్తా, దిగు!"

"అయితే ఇంకా నెమ్మదిగా దిగుతా!"

అతను దిగేలోగా టెకేరా పాకలోకి నడిచాడు. కప్పిన కొబ్బరాకులు పక్కకు లాగి, పడవ మీద చేతులు వేశాడు. ఎండి పగిలి ఉంటుందనే అనుకున్నాడు. వేళ్ళు పలకల వెంట నడిచాయి. కుట్టు కుట్టునా తాళ్ళు మెత్తగా ఉన్నాయి. కొబ్బరినూనె రాసిన జిడ్డు వేళ్ళకు అంటింది. ఆకుల కింద తడిచాపలు పరిచి ఉన్నాయి, చెక్కకు సెగ తగలకుండా. పడవ ఒరిగిపోకుండా పక్కన కట్టిన తేలుకొయ్య కింద ఇసుక నొక్కుకోకుండా మెత్తటి పీచు పెట్టి ఉంది. తెరచాప ఒక మూల మడతపెట్టి ఉంది. ఆ మడత తెలుసాయనకు. అంచులు లోపలికి తిప్పి, మధ్యలో ఒక్క ముడి. మకురిటా మడత. ఇటాకాకు అక్క నేర్పి ఉంటుంది.

ఆశపోతు ఎవడైనా ఇంత శ్రద్ధ చేస్తాడా? టెకేరా తెచ్చుకున్న కోపం కాళ్ళు లేనిదై అక్కడే కూలబడింది.

"చూశావా, బాగానే పెంచుతున్నా నీ బిడ్డని" అన్నాడు ఇటాకా, వెనక నుంచి. మొలకు కత్తి, చేతిలో కల్లు బుంగ. "కూర్చో, తాజాది తాగు."

"ఎందుకడిగావురా దీన్ని?"

"నచ్చింది, అడిగా."

"నీళ్ళంటే హడలి చస్తావు. దీన్నేం చేసుకుంటావు?"

"కొందరు కోడిని కోసుకు తినడానికి పెంచుతారు. కొందరు కూత వినడానికి పెంచుతారు."

"వేషాలు ఆపు."

"సరే ఆపా. ఇదిగో, తాగు."

టెకేరా చెయ్యి చాచాడు. చెయ్యి గాల్లోనే పోయింది. ఏమీ తగల్లేదు. కాస్త ఎడమకు జరిపాడు, అక్కడా లేదు. మరుక్షణం ఇటాకా వేళ్ళు వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని, కొబ్బరిచిప్పను అరచేతిలో కుదురుగా పెట్టి, వేళ్ళను దాని చుట్టూ మూశాయి. చాలా అలవాటైన పని చేసినట్టు చేశాడు.

అలవాటైన పనే. టెకేరాకు ఒక్కసారిగా వెలిగింది. రోజూ పొద్దున్నే తీపికల్లు తెచ్చి ఇచ్చేటప్పుడు ఇటాకా చిప్పను ఎన్నడూ చాచలేదు. ఎప్పుడూ ఏదో వాగుతూ, నవ్వుతూ, చేతిలోకే పెట్టేవాడు. ఇవాళ మాటల్లో పడి మరిచిపోయాడు.

కల్లు తాగలేదాయన. చిప్ప రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

ఇటాకా మొలకున్న కత్తి తీసి కింద పరిచిన చాప మీద పెట్టాడు. "చెట్టు మీంచి అన్నీ కనిపిస్తాయి బావా."

"చెప్పు."

"పోయిన వానాకాలం. నువ్వు చిన్నపడవలో కయ్యలో వలేసి తిరిగొస్తున్నావు. నేను పైనున్నా. ఒడ్డుకి తిరగాల్సినవాడివి తిరక్కుండా తెడ్డు వేసుకుంటూ గట్టు తెగిన మొగ వైపు పోతున్నావు. గట్టు మీద అలలు ఇంతెత్తున విరుగుతున్నాయి. ముందు వేళాకోళం చేస్తున్నావనుకున్నా. తర్వాత తెలిసింది, నీకు ఒడ్డు కనపడటం లేదని. నా ప్రాణం పోయింది. నువ్వేమో దూరం, కేకేస్తే ఊరంతా వస్తుంది. ఏం చెయ్యను? పాట ఎత్తుకున్నా. గొంతు పగిలేట్టు పాడా. నువ్వు తల తిప్పావు. పాట వినపడ్డ దిక్కుకి పడవ తిప్పుకుని వచ్చేశావు."

టెకేరాకు ఆ రోజు గుర్తుంది. దారి తప్పి, ఎటు చూసినా ఒకటే తెలుపు, నోరెండిపోయి ఉంటే ఎక్కడో ఈ వెధవ పాట వినిపించింది. అదృష్టం అనుకున్నాడు. ఇంటికొచ్చి, బావమరిది గొంతు ఒక్కరోజన్నా పనికొచ్చిందని మనసులో నవ్వుకున్నాడు కూడా.

"మరి ఆ తర్వాత?"

"తర్వాతేముంది, నువ్వు నీళ్ళ మీద ఉన్నంతసేపూ నేను చెట్టు మీద ఉన్నా. నువ్వు దిగాకే దిగా. కల్లు అంతసేపు కారుతుందా, పిచ్చోడా అని నా ఇంటిది కూడా తిట్టింది."

ఊరంతా ఎగతాళి చేసిన ఆ పాట. పిట్టలు లేచిపోయే పాట. కానీ టెకేరా మొండివాడు, మెత్తబడటానికి ముందు ఆయనకు కోపం రావాలి. వచ్చింది.

"అయితే జాలిపడ్డావన్నమాట! గుడ్డోడు, మునిగి చస్తాడని నా పడవ లాక్కున్నావు. నా మంచి నిర్ణయించడానికి నువ్వెవడివిరా? పోతే నేను పోతా, నీకేం?"

"నాకేమా?" ఇటాకా గొంతు మొదటిసారి పెరిగింది. "నాకేమంటావా? చెప్తే వినేవాడివా నువ్వు? పోనీ పెద్దలకి చెప్తే? ఆ రోజు నుంచి నువ్వు చేప తెచ్చే మనిషివి కావు, తెచ్చిపెడితే తినే మనిషివి. అందరూ నీ చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. అది నేను చూడగలనా? అందుకే బుబుసి అడిగా. అదొక్కటే దారి. నువ్వు గుడ్డివాడివి కాకుండా, దాతవై పడవ వదులుకుంటావు. నేను వెధవనవుతా. అవనీ. నా ఇంటిది బావి దగ్గరికి పోవడం మానేసింది, ఆడవాళ్ళు మాట్లాడటం లేదని. దానికి కూడా నిజం చెప్పలేదు."

టెకేరా మొహం అతని వైపు తిప్పాడు.

"అట్లా చూడకు. నేనేదో త్యాగం చేశాననుకోకు" అన్నాడు ఇటాకా, మళ్ళీ మామూలు గొంతుతో. "నీ కోసమని ఎవరన్నారు? నా కోసమే చేశా. తమ్ముడు పోయినప్పుడు అమ్మా నేనూ ఇదిగో ఈ ఒడ్డు మీదే కూర్చున్నాం. వాడొస్తాడని. చీకటిపడేది, తెల్లారేది, అమ్మ లేచేది కాదు. అలాంటి కూర్చోవడం ఇంకోసారి నా వల్ల కాదు బావా. నా భయం కోసం నీ పడవ తీసుకున్నా. అంతే."

కయ్యలో నీళ్ళు పాక గుంజల దాకా వచ్చి గలగలమంటున్నాయి.

ఉన్నట్టుండి టెకేరా నవ్వడం మొదలుపెట్టాడు. "అక్కడ నా కూతురు నిలదీసి పంపించింది. నేను ఇచ్చింది ప్రేమతో కాదు, పేరు కోసమట. నిజమేరా. పెద్దలు పొగిడితే ఉబ్బిపోయా. నేను పేరు కోసం ఇచ్చా, నువ్వు భయం కోసం తీసుకున్నావు. మనిద్దరికీ మనియాబాలో దండలెయ్యాలి."

"ఒకే దండ చాల్లే, ఇద్దరికీ కలిపి" అన్నాడు ఇటాకా, అతనూ నవ్వుతూ. "అక్క ఉంటే మనిద్దర్నీ చీపురు తిరగేసి కొట్టేది."

మకురిటా పేరెత్తగానే నవ్వు ఎటో పోయింది. టెకేరా కళ్ళు తుడుచుకున్నాడు. ఇటాకా చెయ్యి వచ్చి ఆయన మోకాలి మీద ఆగింది, తీయకుండా అక్కడే ఉండిపోయింది. నూనె జిడ్డు, కల్లు వాసన ఉన్న ఆ చెయ్యి తన తోడబుట్టినవాడి చెయ్యి కన్నా దగ్గరిదనిపించింది ఆయనకు.

వాకిట్లో గులకరాళ్ళు చప్పుడయ్యాయి. టెబోరా వచ్చింది. తండ్రీ మేనమామా పక్కపక్కనే కన్నీళ్ళతో కూర్చుని ఉండటం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

టెకేరా చిప్ప కింద పెట్టాడు. చాప అంచు తడుముకుని, దాని మీదికి జరిగి, నిటారుగా బాసింపట్టు వేసుకున్నాడు. ఆ కూర్చోవడం ఏమిటో దీవిలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇటాకా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇటాకా. నేను బుబుసికి వచ్చా."

"తీసుకో బావా, పడవేగా" అన్నాడు ఇటాకా నీరసంగా. "నాకు తెలుసు. కాదనను. తీసుకో."

"పడవ నీదే. ఇచ్చింది తిరిగి అడిగే ఇంట్లో పుట్టలేదు నేను. నేను అడిగేది నీ కళ్ళు. పడవ ముందు భాగంలో కూర్చో. ఎటు అల ఉందో, ఎటు రాయి ఉందో చెప్పు. చుక్కాని నేను పడతా. గట్టు దాటి ఒక్కసారి పోయొద్దాం. ఒక్కసారే."

ఇటాకా వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నాన్నా!" టెబోరా గొంతు పలికింది. "మావయ్యనా? గట్టు దాటి? తెలిసే అడుగుతున్నావా?"

అప్పుడు తెలిసింది టెకేరాకు, తన నోట్లోంచి ఏం వచ్చిందో. ఎదుటివాడి ప్రాణం దేనిమీద ఉందో దాన్ని అడగరు. ఇటాకా అడిగాడని ఇన్నాళ్ళూ కుళ్ళిపోయిన తాను, ఇప్పుడు అంతకు పది రెట్లు అడిగాడు. సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

"ఇటాకా, వద్దులే. కాదని చెప్పెయ్. నేనేమీ అనుకోను. మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. టెబోరా చెప్పదు, నేను చెప్పను. కాదన్న సిగ్గు నీకు లేకుండా నేను చూసుకుంటా."

"నాకు తెలుస్తుందిగా బావా" అన్నాడు ఇటాకా.

చాలా చిన్నగా అన్నాడు. టెబోరా పాక గుంజ పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం తండ్రిని అడిగిన ప్రశ్నకు మేనమామ ఇలా జవాబిస్తాడని ఆమె అనుకుని ఉండదు.

ఇటాకా లేచాడు. పడవ మీది ఆకులు ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తున్న చప్పుడు. తడిచాపలు లాగుతున్న చప్పుడు. తెరచాప మడత విప్పాడు.

"ఏం చేస్తున్నావురా?"

"నా కళ్ళు నీకివ్వాలంటే, అవి నీళ్ళ మీద మూసుకుపోకుండా ఉంటాయో లేదో ముందు నేను చూసుకోవాలిగా. ఎన్నేళ్ళైంది! మొగ దాకా పోయి వచ్చేస్తా. ఒక్కణ్ణే. నా భయం నన్ను మింగితే నన్నే మింగాలి, పక్కన నువ్వుండకూడదు."

"ఒక్కడివే ఏమిటి? నేనూ ఎక్కుతా!"

"నువ్వు ఒడ్డునుండు. తిరిగొచ్చేటప్పుడు ఎదురెండ కళ్ళలో పడకపోయినా, భయానికి నాకు ఒడ్డు కనపడకపోవచ్చు. నువ్వు పాడు."

"నాకు పాడటం రాదు!"

"నాకు మాత్రం వచ్చా?"

పడవ ఇసుక మీద జరిగి, నీళ్ళను తాకింది. ఆ చప్పుడు కోసం ఎంత కాలం ఎదురుచూశాడు టెకేరా! వచ్చింది, తాను లేకుండా వచ్చింది. తెరచాప ఫట్‌మని గాలి పట్టింది. తూర్పుగాలి వెనక నుంచి చల్లగా తోస్తోంది. మసక అంచుల్లో ఒక తెల్లటి మరక కదిలి, పడమటి వెలుగులో కలిసిపోయింది.

"ఎలా పోతోందే?"

"అబ్బ నాన్నా" అంది టెబోరా. పాకలో విన్న మాటలతోనే ఆయన చూపు సంగతి అర్థమైన ఆమె, ఆయన చేతిని పట్టుకుంది. "ఎగురుతోంది. నీ పడవ నీళ్ళు తాకనట్టు పోతోంది. మావయ్య నిటారుగా కూర్చున్నాడు."

టెకేరా నవ్వాడు, ఏడ్చాడు. ఆ క్షణాన తాను పడవలో లేనన్న బాధ వెతుక్కున్నా దొరకలేదు. అదేమిటో ఆయనకే వింతగా అనిపించింది. ఉన్నదంతా ఒకటే: వాడు తిరిగి రావాలి.

చాలాసేపు నిలబడ్డారు. నీళ్ళు కాళ్ళ మీదికి వచ్చాయి. అప్పుడు వీపు మీది గాలి ఆగిపోయింది. ఆకులు కదలడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో ఒక చల్లటి ఊపు ఎదురుగా వచ్చి ఆయన మొహాన కొట్టింది. వాన వాసన వేసింది. పడమటి గాలి. ఈ దీవుల్లో ఆ గాలి పేరెత్తితే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు.

"టెబోరా, వెనక్కి తిరిగాడా?"

"బాగానే ఉన్నాడు నాన్నా."

"మొగ దగ్గరున్నాడా?"

ఆమె గోళ్ళు ఆయన చేతిలోకి దిగుతున్నాయి.

"దాటాడా? మొగ దాకానే అన్నాడు కదే! చెప్పు, దాటాడా?"

"గాలి మారకముందే, ఆ తూర్పుగాలే బయటికి లాగేసింది నాన్నా."

టెకేరా నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. ఇంతకాలం తన గొంతు ఎవరికీ వినిపించకుండా బతికిన మనిషి, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే ఒడ్డుకు పరిగెత్తుకొస్తుంటే, నోరు తెరిచాడు. వచ్చిన పాట ఒక్కటే.

"మా బావ పడవ బంగారం! మా బావ వేట బండారం!"

ఒడ్డున ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆగిపోయారు. గాలి ఎదురు కొడుతోంది. పాట పోవాల్సింది దానికి ఎదురుగా. టెకేరా గుండెలనిండా ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.